జింజ్ డాబా మీద విన్న మాట

కిందటి చలికాలంలో సుగుణ ఆంటీ కంటి ఆపరేషన్ కోసం విశాఖపట్నం వచ్చి మా ఇంట్లో పది రోజులు ఉంది. బాపట్లలో ఉండే మనిషి ఇంత దూరం రావలసిన పని లేదు, గుంటూరులో కావలసినంతమంది కంటి డాక్టర్లు ఉన్నారు. కానీ ఫోన్ చేసి, "కన్నుకి ఆపరేషనయ్యాక రోజుకి నాలుగైదు సార్లు ఎవరో ఒకళ్ళు చుక్కలు వెయ్యాలంట కరుణా. నువ్వైతే నాకు మొహమాటం ఉండదు" అంది. మా నాన్న పోయి మూడేళ్ళయింది. అప్పుడు ఆవిడ రాలేదు, ఫోనూ చెయ్యలేదు. ఇరవై ఏళ్ళకు పైగా మా నాన్నతో ఒక్క మాట కూడా మాట్లాడని ఆవిడ, నన్ను మాత్రం కడుపున పుట్టిన పిల్లలాగే చూస్తూ వచ్చింది. ఎందుకలా చూస్తోందో నాకు తెలుసు. జరిగిన దానిలో నాకు ఏ పాలూ లేదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేక నేను ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు. ఆవిడ రైలు దిగి, చెయ్యి చాచి నా భుజం పట్టుకుని మెట్లు ఎక్కుతున్నప్పుడే అనుకున్నాను, ఈ పది రోజుల్లో చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని.

అది జరిగినప్పుడు మేం బహ్రెయిన్‌లో, జింజ్‌లో ఒక నాలుగంతస్తుల బిల్డింగ్‌లో ఉండేవాళ్ళం. మాది మూడో అంతస్తు. పైన కెప్టెన్ ప్రభుదాస్ గారూ సుగుణ ఆంటీ ఉండేవాళ్ళు. సముద్రంలోని చమురు బావుల దగ్గరికి పనివాళ్ళను చేరవేసే ఒక హెలికాప్టర్ కంపెనీలో ఆయన పైలట్, మా నాన్న మెకానిక్. ఇద్దరూ ఎయిర్‌ఫోర్సులో చేసి వచ్చినవాళ్ళే. నాన్నది కాకినాడ పక్క ఊరు, కెప్టెన్ గారిది బాపట్ల. శుక్రవారం ప్రార్థనకు తెలుగు ఫెలోషిప్‌కి రెండు కుటుంబాలూ ఒకే కారులో వెళ్ళేవాళ్ళం. వాళ్ళకు పిల్లలు లేరు. అమ్మ ఒక క్లినిక్‌లో నర్సు. ఉదయం వెళ్ళి ఒంటిగంటకు వచ్చి, మళ్ళీ నాలుగింటికి వెళ్ళే డ్యూటీ. అందుకని నా సాయంత్రం లెక్కలు, రాత్రి భోజనం, ఆ తరవాత కబుర్లు అన్నీ నాలుగో అంతస్తులోనే. ఆంటీ ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరు. తప్పు చేస్తే తిట్టేది కాదు. ఎర్ర పెన్ను నా చేతికిచ్చి, "నీ తప్పు నువ్వే వెతుక్కో" అనేది.

ఆ దేశంలో వేసవి వస్తే ఇంట్లో పద్ధతులన్నీ తలకిందులయ్యేవి. డాబా మీద ట్యాంకులో నీళ్ళు మరిగిపోయి, చన్నీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి కాలేది. గీజర్ ఆపేసి, ఇంటిలోపల చల్లారిన ఆ గీజర్ నీళ్ళనే స్నానానికి వాడుకునేవాళ్ళం. అమ్మ తెల్లవారుతూనే నాలుగు బకెట్లు నింపి, మూతలు పెట్టి హాల్లో ఏసీ కింద వరసగా ఉంచేది. వాటిని దాటుకుంటూ నడవడం మాకు అలవాటైపోయింది. నాన్న డ్యూటీ నుంచి వస్తే ముందు కిరసనాయిలు వాసన వచ్చేది, తరవాత నాన్న వచ్చేవాడు. హెలికాప్టర్ ఇంధనం వాసన అది. బాత్రూం గడప మీద కూర్చుని, అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని, అందులో గుప్పెడు పంచదార వేసి, గ్రీజు పోయేదాకా వేళ్ళు ఒక్కొక్కటే రుద్దుకునేవాడు. గోళ్ళ సందుల్లో నలుపు పోయిందో లేదో దీపం కిందకు తీసుకెళ్ళి చూసుకునేవాడు. అంత శుభ్రంగా చేతులు కడుక్కునే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

కెప్టెన్ గారి అలవాట్లు వేరు. ఆయన కారు ఎక్కే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు టైర్లనూ బూటుతో తట్టి, కిందకు వంగి చూసి గానీ తలుపు తీసేవారు కాదు. వీధిలోని కోల్డ్ స్టోర్ కొట్టు దాకా పాలప్యాకెట్ కోసం వెళ్ళినా అంతే. కింద దుకాణం వాళ్ళు నవ్వేవాళ్ళు. ఫెలోషిప్‌లో పాటలు శ్రుతి లేకుండా, అందరికన్నా గట్టిగా పాడేవారు. భోజనంలో మాట్లాడేవారు కాదు. పెరుగన్నం అయ్యాకే మాటలు. ఆయన పక్కన కూర్చుని ఎగిరే రెండో పైలట్ ఇవాన్, బల్గేరియా నుంచి వచ్చినవాడు, ఇరవై తొమ్మిదేళ్ళు. దగ్గర్లోనే అద్లియా పేటలో ఒక గదిలో ఉండేవాడు గానీ సగం రోజులు భోజనం ఆంటీ దగ్గరే. పప్పుచారు గిన్నెలో పోసుకుని, రొట్టె ముంచుకుని తినేవాడు. గోంగూర పచ్చడి మొదటిసారి తిన్నరోజు కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ఇంకొంచెం వెయ్యమని కంచం చాచాడు. ఆంటీని 'సుగున' అనేవాడు, ణ పలికేది కాదు. ఆవిడ ప్రతిసారీ సరిచేసేది. అతను ప్రతిసారీ అలాగే అనేవాడు.

ఒక ఏడాది కంపెనీ వాళ్ళు కొత్త పని ఒప్పుకున్నారు. మధ్యధరా సముద్రం ఒడ్డున కొండలూ పైన్ అడవులూ ఉన్న ఒక దేశంలో వేసవి అంతా కార్చిచ్చులు. అక్కడి వాళ్ళకు హెలికాప్టర్లు చాలక బయటినుంచి తెప్పించుకుంటున్నారు. కెప్టెన్ గారినీ ఇవాన్‌నీ ఒక హెలికాప్టర్‌తో పంపారు, దాన్ని చూసుకోవడానికి మా నాన్న వెళ్ళాడు. హెలికాప్టర్ కింద ఉక్కు తాడుతో పెద్ద బకెట్ వేలాడుతుంది. సముద్రంలోనో చెరువులోనో ముంచి, మంట మీదకు తీసుకెళ్ళి వదలాలి. పొద్దున్నుంచి చీకటి పడేదాకా అదే పని. ఆ మూడు నెలలూ ఆంటీ టీవీలో వార్తలు పెట్టి, శబ్దం తీసేసి ఉంచేది. నేను లెక్కలు చేసుకుంటుంటే తెర మీద ఎక్కడో ఒక కొండ మండుతూ ఉండేది. ఆ కొండ వాళ్ళదో కాదో తెలిసేది కాదు. "అదేనా ఆంటీ?" అని అడిగితే, "ఏమో, అన్నీ ఒకేలా ఉన్నాయి" అనేది.

సెప్టెంబరు చివర ముగ్గురూ తిరిగి వచ్చారు. కెప్టెన్ గారి సూట్‌కేసు ఇంట్లోకి రానివ్వకుండా ఆంటీ డాబా మీదకే మోయించింది. మూత తెరవగానే వాసన గుప్పుమంది. కట్టెల పొయ్యి పొగలా కాదు. చెట్ల జిగురు కాలిన వాసన, గొంతులో అడ్డంపడే చేదు. ఆంటీ ఆ బట్టల్ని మూడుసార్లు ఉతికింది. అంత ఎండలో, అంత వేడిగాలిలో రెండు రోజులు ఆరేసినా ఆ వాసన పూర్తిగా పోలేదు. మా ఇంట్లో నాన్న బట్టలదీ అదే సంగతి. అమ్మ చివరికి విసుగొచ్చి రెండు జతలు పారేసింది. ఇవాన్ మాత్రం తన చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని, తన చిన్నప్పటి ఊరి వాసన అని నవ్వాడు. అతని నవ్వు మునుపటిలా లేదని నాకనిపించింది.

ఆ రెండో రోజు సాయంత్రం ఆరిన బట్టలు తేవడానికి నేను డాబా ఎక్కాను. దుమ్ము గాలి వీచి ఆగిపోయిన పూట. ఆకాశం గోధుమ రంగులో ఉంది, సూర్యుడున్న చోటు కూడా తెలియడం లేదు. నీళ్ళ ట్యాంకు అవతలి వైపు మాటలు వినపడ్డాయి. ఆరేసిన దుప్పటి చాటున ఉన్న నన్ను వాళ్ళు చూడలేదు.

"తాడు సంగతి ఎక్కడా అనలేదుగా రత్నం?" కెప్టెన్ గారి గొంతు.

"అరిగిపోయిందని రాసేనండి. మార్చేసేను." మా నాన్న.

"మంచిది."

"అరగలేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఉక్కు తాడు మీద తెల్లగా అల్యూమినియం గీత ఎలా వస్తాదండి? కరెంటు తీగ రాసుకుంటే తప్ప."

కింద రోడ్డు మీద ఎవరో హారన్ మోగిస్తున్నారు. తరవాత కెప్టెన్ గారు మామూలు గొంతుతో, టైరులో గాలి తగ్గిందని చెప్పినట్టు చెప్పారు. "పొగలో కనపడలేదయ్యా. లోయలో పదిమంది ఫైర్ వాళ్ళు ఇరుక్కున్నారు, రెండు పక్కలా మంట. దిగితే గానీ నీళ్ళు వాళ్ళ దగ్గర పడవు. దిగాను. ఇవాను 'పైకి' అని అరిచాడు. లాగాను. తీగ చక్రాల కిందనుంచి పోయింది. చెయ్యి చాపితే అందేది."

"ఆ రోజే రాయాల్సిందండి మనం."

"రాస్తే విచారణ అని వారం రోజులు మనల్ని కింద కూర్చోబెట్టేవాళ్ళు. ఆ వారంలో ఊరు మిగిలేది కాదు. నువ్వూ చూశావుగా. ఆ పెద్దావిడ కోళ్ళగంప మీద తడిగుడ్డ కప్పి కూర్చుంది, ఇల్లు వదిలి రానని. ఇక్కడ నేను బస్సు డ్రైవర్ని రత్నం. అక్కడ తల ఎత్తి చూసేవాళ్ళు, మేం వస్తున్నామా లేదా అని."

"మళ్ళీ ఏడు వెళతారా?"

"పిలిస్తే వెళతాను. సుగుణకి మాత్రం చెప్పమాక. తెలిస్తే గుమ్మం దాటనివ్వదు."

నా చేతిలో క్లిప్పు జారి కిందపడింది. నాన్న ట్యాంకు పక్కనుంచి తొంగి చూశాడు. కెప్టెన్ గారు అటు తిరిగి సముద్రం వైపు చూస్తున్నారు, నన్ను చూడలేదు. నాన్న నా చేతిలోని బట్టలు సగం తీసుకుని నాతోపాటు మెట్లు దిగాడు. మూడో అంతస్తు మలుపులో ఆగి, "విన్నావా?" అన్నాడు. విన్నానన్నాను. "అది నీకు అక్కర్లేని విషయం. మర్చిపో" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. ఆయన ముఖంలో భయం చూశాను, అందుకే తల ఊపాను.

మర్చిపోలేదు. ఆ చలికాలమంతా ఆంటీ ఇంట్లో అన్నం తింటూ, ఎదురుగా పెరుగన్నం కలుపుకుంటున్న కెప్టెన్ గారి చేతులు చూసేదాన్ని. ఇవాన్ పక్కన కూర్చుంటే అతని నోటినుంచి 'పైకి' అన్న కేక ఎలా వచ్చి ఉంటుందో ఊహించుకునేదాన్ని. అందరం నవ్వుతూనే ఉన్నాం. క్రిస్మస్‌కి ఇవాన్ తోలుబొమ్మలా తలపాగా కట్టుకుని నాటకం వేశాడు, హాలంతా పగలబడి నవ్వింది. నాకు మాత్రం రోజులు ఒక వైపుకే జారుతున్నట్టుండేది. గీజర్ ఆపేసే రోజు దగ్గరపడుతున్న కొద్దీ క్యాలెండర్ వైపు చూడటం మానేశాను.

ఆ రెండో ఏడు నాన్నను పంపలేదు. ఇక్కడి హెలికాప్టర్లు చూసేవాళ్ళు లేరని ఆపేసి, ఇంకొక మెకానిక్‌ను పంపారు. వాళ్ళు బయలుదేరేందుకు వారం ముందు, ఒక మధ్యాహ్నం, ఆంటీ కెప్టెన్ గారి చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. నేను కింద చాప మీద కూర్చుని పుస్తకం చదువుతున్నాను. ఉన్నట్టుండి ఇస్త్రీపెట్టె నిలబెట్టి నా వైపు తిరిగింది.

"కరుణా, నిన్నొకటి అడుగుతా. పోయినేడు అక్కడ ఏమన్నా జరిగిందా? మీ నాన్న ఇంట్లో ఏమన్నా అన్నాడా?"

నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "ఎందుకు ఆంటీ?"

"వచ్చిన కాణ్ణుంచి ఈయన నిద్దట్లో కాళ్ళు కదుపుతున్నాడు. హెలికాప్టర్‌లో పెడళ్ళు తొక్కినట్టు. పద్నాలుగేళ్ళయింది పెళ్ళయి, ఎప్పుడూ లేదు. అడిగితే నవ్వేస్తాడు. మీ నాన్నని అడిగితే నేల చూపులు చూస్తాడు. నిన్ను అడుగుతున్నా. నువ్వు నాతో అబద్ధం చెప్పవు."

అప్పుడు నాకు పదహారేళ్ళు. నాన్న ముఖం, మెట్ల మలుపు కళ్ళముందు కదిలాయి. "అలాంటిదేం లేదు ఆంటీ" అన్నాను. ఆవిడ నన్ను కాసేపు చూసింది. "సరేలే. తెలిస్తే చెప్పేదానివిగా" అని మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది. చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించినప్పుడు చుయ్‌మన్న శబ్దం ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆగస్టులో ఒక ఉదయం. బడికి సెలవులు. సముద్రపు తేమకు కిటికీ అద్దాలు బయటివైపు చెమర్చి, వీధి మసకగా ఉంది. పదింటికి తలుపు కొట్టారు. కంపెనీ కారు నడిపే సలీం భాయ్, నిజామాబాద్ మనిషి. లోపలికి రాలేదు, గుమ్మంలోనే చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, సార్ కింద కార్ల కూసున్నడు. దిగుతలేడు. జర నువ్వు రా తల్లీ."

దిగి వెళ్ళాను. నాన్న డ్యూటీ బట్టల్లో వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. ఏసీ నడుస్తూనే ఉన్నా చెమట పట్టి ఉంది. చేతులు కడుక్కోలేదు, గ్రీజు ఎండిపోయి ఉంది. నన్ను చూసి, "అమ్మకి ఫోన్ చేసి రమ్మను. అమ్మ వస్తే గాని పైకి వెళ్ళలేను" అన్నాడు. సలీం భాయ్ ఫోన్ ఇచ్చాడు. అమ్మ వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా నాలుగో అంతస్తు వంటింటి కిటికీలోంచి కుక్కర్ కూతలు వినపడుతూనే ఉన్నాయి. సలీం భాయ్ ఒకసారి పైకి చూసి తల దించుకున్నాడు. "మేడమ్‌కు ఎర్కలేదు ఇంకా" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

అమ్మ ముందు, నాన్న వెనక, ఆ వెనక నేను. ఆంటీ తలుపు తీసి, ఆ వేళప్పుడు డ్యూటీ బట్టల్లో ఉన్న నాన్ననూ, నర్సు బట్టల్లో ఉన్న అమ్మనూ చూసింది. ఏం జరిగిందని అడగలేదు. ఎవరూ ఏడవలేదింకా.

"ఇద్దరూనా?" అంది.

నాన్న తల ఊపాడు. ఆంటీ లోపలికి వెళ్ళి పొయ్యి ఆపి వచ్చి కుర్చీలో కూర్చుంది.

ఆ సాయంత్రం నుంచి ఇల్లు జనంతో నిండింది. ఫెలోషిప్ వాళ్ళు వంతులేసుకుని వండి తెచ్చారు. అద్లియా గదికి వెళ్ళి ఇవాన్ సామాన్ సర్దింది నాన్నే. మూడో రోజు ఇవాన్ తల్లి ఫోన్ చేసింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, ఆంటీకి ఆవిడ భాష రాదు. ఆవిడ ఏదో చాలాసేపు చెప్పింది. ఆంటీ వింది. చివరికి ఆంటీ "ఇవాన్" అంది. అవతలినుంచి ఆవిడ "ప్రభు" అన్నట్టుంది. అలా రెండు పేర్లూ నాలుగైదుసార్లు అనుకుని పెట్టేశారు. తరవాత కెప్టెన్ గారి సూట్‌కేసు వచ్చింది. ఈసారి డాబా మీదకు మోయించలేదు. హాల్లోనే తెరిచారు. అక్కడెవరో అన్నీ శుభ్రంగా ఉతికి మడతపెట్టారు. ఏదో పూల సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. ఆంటీ ఒక్కొక్క చొక్కా ఎత్తి వాసన చూసి పక్కన పెట్టింది. అన్నీ అయిపోయాక అప్పుడు ఏడ్చింది.

అప్పటికే తెలిసింది, కరెంటు తీగ అని. పొగలో, ఒక లోయలో. ముందు ఏడాది తాడుకు రాసుకున్న తీగ కాదు, దానికి రెండు లోయల అవతల. ఆ ప్రాంతంలో చాలా తీగలు పైలట్లకిచ్చే మ్యాపుల్లో లేవట. నాన్న ఆ మాట విన్న దగ్గర్నుంచి మనిషి కాదు. మొదటి ఏడాదే నిజం రాసి ఉంటే, మ్యాపులు తెప్పించండి అని ఎవరో ఒకరు అడిగి ఉండేవాళ్ళు, ఆ తీగ మ్యాపులోకి ఎక్కేది అనేవాడు. ఎక్కేదో లేదో ఎవరు చెప్పగలరు. నాన్న మాత్రం చనిపోయేదాకా ఎక్కేదనే నమ్మాడు.

కెప్టెన్ గారి దేహాన్ని బాపట్ల తీసుకెళ్ళడానికి కాగితాలు తయారవుతున్నప్పుడు, ప్రార్థనకొచ్చిన వాళ్ళు వెళ్ళిపోయిన ఒక మధ్యాహ్నం, నాన్న ఒక్కడే నాలుగో అంతస్తుకు వెళ్ళాడు. అరగంటకు తిరిగి వచ్చి, "చెప్పేసేను" అన్నాడు. ఏమందని అమ్మ అడిగింది. "ఏమీ అనలేదు. లేచెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగేను. వచ్చేసేను." మర్నాడు కంపెనీ ఆఫీసుకు వెళ్ళి, లాగ్‌బుక్కులో తను రాసింది అబద్ధమని రాసిచ్చాడు. విచారణకు వచ్చినవాళ్ళు రెండు రోజులు కూర్చోబెట్టి అడిగారు. హెలికాప్టర్ ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టే హక్కు తీసేసి స్టోర్‌లో వేశారు. ఏడాదిన్నర అక్కడ డబ్బాలు లెక్కపెట్టి, తరవాత మమ్మల్ని తీసుకుని కాకినాడ వచ్చేశాడు. మళ్ళీ ఏ యంత్రం జోలికీ పోలేదు. ఇంట్లో ఫ్యాన్ పాడైనా ఎవరినో పిలిచేవాడు.

నాన్న చెప్పేసిన ఆ రోజు నేను కూడా మెట్లు ఎక్కాను. తలుపు దాకా వెళ్ళాను. లోపల ఆంటీ ఒక్కతే ఉంది. బెల్లు మీద వేలు పెట్టి, నొక్కకుండా దిగి వచ్చేశాను. రెండు రోజుల తరవాత ఆవిడ వెళ్ళిపోతూ నన్ను దగ్గరకు తీసుకుని, "బాగా చదువుకో. నీ ఒక్కదాని మొహం చూస్తే నాకు కోపం రావటంలా" అంది. ఆ మాట తరవాత ఇక చెప్పడం నా వల్ల కాలేదు. ఇంజనీరింగ్ చదివాను, ఉద్యోగం చేశాను, ఇద్దరు పిల్లల్ని కన్నాను. ప్రతి మంచి వార్తా మొదట ఆవిడకే చెప్పాను. అప్పుడు వేసవి అంటే మాకు మూడు నెలలు, ఎక్కడో ఒక దేశం, టీవీలో శబ్దం లేని ఒక కొండ. ఇప్పుడు ఏ నెలలో టీవీ పెట్టినా ఏదో ఒక ఖండంలో అడవులు మండుతూనే ఉన్నాయి. పొగలోంచి బకెట్ వేలాడదీసుకుని ఒక చిన్న హెలికాప్టర్ వస్తే మా పిల్లలు చూడమని పిలుస్తారు. నేను ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోతాను.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు మధ్యాహ్నం, చుక్కలు వేసి, ఆంటీ కళ్ళు మూసుకుని పడుకున్నప్పుడు చెప్పాను. కళ్ళు తెరిచి ఉంటే చెప్పగలిగేదాన్ని కాదు. డాబా, ట్యాంకు, తాడు మీద గీత, మెట్ల మలుపు, ఇస్త్రీపెట్టె, బెల్లు, అన్నీ. ఆవిడ కదల్లేదు. మూసిన రెప్పల కిందనుంచి మందు చుక్క ఒకటి చెవి వైపు జారింది. తుడవబోతే నా చెయ్యి పక్కకు నెట్టింది.

"ఇస్త్రీ చేస్తా అడిగాను. గుర్తుంది" అంది. "చెప్పుంటే ఆపేదాన్ని. పాస్‌పోర్టు చింపేసైనా ఆపేదాన్ని."

"తెలుసు ఆంటీ."

"చిన్నపిల్లవి, పర్లేదులే అంటానని చెప్పావా?"

"కాదు. మీకు తెలియాలని."

బయట ఎవరి ఇంట్లోనో మిక్సీ తిరిగి ఆగింది. "మీ నాన్న ఆరోజు పైకొచ్చి చెప్పాడు చూడు. నేనొకటే అడిగాను, మీ ఇంట్లో ఇంకెవరికి తెలుసు అని. ఎవరికీ తెలియదమ్మా, నేనొక్కడినే అన్నాడు. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే అన్నాడు." ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. "ఇన్నేళ్ళూ ఆయన మొహం చూడకుండా పోయాను నేను."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. నా పేరు బయటపెట్టలేదని నాన్న మాకెవరికీ చెప్పలేదు. వంటింట్లోకి వెళ్ళి సింకు దగ్గర నిలబడి, కుళాయి తిప్పి, నీళ్ళు పోతూంటే చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు చుక్కల వేళకు సీసా నా చేతిలోంచి తీసుకుని తనే వేసుకుంది. సగం చెంప మీద పడ్డాయి. రెండు రోజులు అలాగే. మా పిల్లలతో మాట్లాడింది, నాతో అవసరమైనంతే. మూడో రోజు పొద్దున, నేను గదిలోకి వెళ్ళేసరికి, కుర్చీలో తల వెనక్కి వాల్చి, కళ్ళు తెరిచి కూర్చుని ఉంది. నేను చుక్కలు వేశాను.

వెళ్ళే రోజు, బట్టలు సర్దుతుంటే, సంచి అడుగున ఒక కవరు ఉంది తియ్యమంది. ఆ కొండ ఊరి వాళ్ళు ఏటా పంపే ఫొటోట. వాళ్ళిద్దరూ కూలిన చోట ఊరివాళ్ళు రాయి నిలబెట్టారని నాకు తెలుసు, ఏటా ఆరోజు జనం కొండ ఎక్కి పేర్లు చదువుతారని కూడా విన్నాను. ఎప్పుడూ చూడలేదు. "ఈ ఏటిది కన్ను మసకతో సరిగా చూళ్ళేదు. చదువు" అంది. బూడిదరంగు రాయి, వెనక మళ్ళీ మొలిచిన పొట్టి పైన్ చెట్లు. పైన ప్రభుదాస్, దాని కింద ఇవాన్. చదివాను. వాటి కింద కొత్తగా చెక్కిన ఇంకో మూడు పేర్లున్నాయి, వేరే హెలికాప్టర్లవాళ్ళవి, వేరే వేరే వేసవులవి. ఎలా పలకాలో తెలియక అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఆవిడ ఒక్కొక్క పేరునూ నా వెంట మెల్లగా అంది.

"అంతేనా?"

"అంతే ఆంటీ."

"రాయి మీద ఇంకా చోటుందా?"

ఫొటోను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుతురులో చూశాను.

"ఉంది" అన్నాను. "కింద చాలా ఉంది."